కారు కింద కూలెంట్ మడుగు, నాన్నేమో నీళ్లు పొయ్యమంటున్నాడు

అన్నలకు, అక్కలకు నమస్కారం. మాది తిరుపతి, ఎమ్మెస్ చదవడానికి ఆగస్టులో మిషిగన్ వచ్చాను. చదువైపోయి వెళ్లిపోతున్న సీనియర్ దగ్గర 12 ఏళ్ల పాత కారు కొన్నాను. వారం నుంచి పొద్దున కారు తీస్తే కింద రోజ్‌మిల్క్ ఒలికినట్టు అరచేయంత మడుగు కనిపిస్తోంది, ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ కారుతున్నట్టుంది. నిన్న సిగ్నల్ దగ్గర టెంపరేచర్ ముల్లు పైకి లేచింది, హీటర్ వేసుంటే చల్లగాలి కొట్టింది. షాపులో అడిగితే చూడ్డానికే 150 డాలర్లన్నారు. నాన్నకు ఫోన్ చేస్తే "నీళ్లు పోసి నడుపు, కొండకు పోయేటప్పుడు మనం పొయ్యలేదా" అంటున్నాడు. ఇంటి దగ్గర నేనే చేసుకోగలనా?

---

తమ్ముడూ, మాది చిత్తూరు, ఇక్కడికొచ్చి 18 ఏళ్లయింది. నాన్న చెప్పింది ఆ ఊరికి తప్పేం కాదు. మా మామ అంబాసిడర్ ట్యాక్సీ కూడా ఘాట్ రోడ్డెక్కితే సగం దారిలో ఉడుకెత్తేది, పక్కన ఆపి, బానెట్ లేపి, పొగ తగ్గిందాకా వేరుశనక్కాయలు తింటూ కూర్చుని, తర్వాత క్యానులో నీళ్లు పోసుకుని పోయేవాళ్లం. తిరుపతిలో నీళ్లు గడ్డకట్టే చలి రాదు కాబట్టి అక్కడ సాగింది. ఇక్కడ నవంబరులోనే రాత్రిళ్లు సున్నా కిందికి పోతుంది. ఉత్త నీళ్లు ఇంజిన్‌లో గడ్డకట్టి ఉబ్బితే బ్లాకే, అంటే ఇంజిన్ ఒళ్లే పగలొచ్చు, అప్పుడిక కారును తుక్కుకు అమ్ముకోవడమే.

హీటర్ చల్లగాలి కొట్టిందన్నావే, అది ముఖ్యం. హీటర్‌కు వేడి వచ్చేది ఆ కూలెంట్ నుంచే. అంటే లోపల బాగా తగ్గిపోయింది, కాలేజీకి బస్సులో పో, కారు కదపొద్దు.

వేడి మీద మాత్రం రేడియేటర్ మూత ముట్టుకోవద్దు. కాణిపాకంలో ప్రమాణం చేసి చెప్తా, నా కుడిచేతి మీద ఇప్పటికీ మచ్చుంది. లోపల 15 పీఎస్ఐ దాకా ప్రెషర్ ఉంటుంది, ఆ ప్రెషర్ వల్లే అది 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. మూత తిప్పావో ఒక్కసారిగా ఆవిరై మొహాన కొడుతుంది. రాత్రంతా చల్లారాక పొద్దునే తియ్యి.

ఇంక అసలు పని, ఎక్కడ కారుతోందో పట్టుకోవడం. అందరూ ఇక్కడే తొందరపడి యూట్యూబ్ చూసి వాటర్ పంప్ కొనేస్తారు, తర్వాత చూస్తే గొట్టాన్ని బిగించే రెండు డాలర్ల క్లాంప్ వదులై ఉంటుంది. రాత్రి కారు కింద పెద్ద అట్టముక్క పరిచి, ముందు టైర్లు ఎక్కడున్నాయో దాని మీద పెన్నుతో గీత గియ్యి. పొద్దున చుక్క పడిన చోటికి సరిగ్గా పైన టార్చ్ వేసి చూడు. కూలెంట్ ఆరిపోతే తెల్లగానో గులాబీగానో పొక్కు కడుతుంది, కుళాయి మూతికి ఉప్పు పట్టినట్టు. రబ్బరు గొట్టాల రెండు చివర్లూ, రేడియేటర్‌లో ప్లాస్టిక్ అల్యూమినియం కలిసే అంచూ, థర్మోస్టాట్ (కూలెంట్ దారి తెరిచి మూసే వాల్వు) దగ్గరా, వాటర్ పంప్ కిందుండే చిన్న కన్నమూ వేలితో తడిమి చూడు. గొట్టాన్ని నొక్కితే గట్టిగా బిగుసుకుని ఉండాలి, పనసపండులా మెత్తబడిందంటే దాని పని అయిపోయింది. ఏమీ దొరక్కపోతే ఆటోజోన్, ఓరైలీ లాంటి కారు పార్టుల షాపుల్లో ప్రెషర్ టెస్టర్ అరువిస్తారు, డిపాజిట్ కడితే తిరిగిచ్చేటప్పుడు వెనక్కిస్తారు. మూత తీసి దాన్ని బిగించి పంపు కొడితే, ఇంజిన్ ఆన్ చెయ్యకుండానే లీకు బయటపడుతుంది.

ఆయిల్ మూత లోపల పాలు కలిపిన టీ రంగు నురగ కనపడినా, ఇంజిన్ వేడెక్కాక కూడా సైలెన్సర్‌లోంచి తియ్యటి వాసనతో తెల్ల పొగ ఆగకుండా వస్తున్నా హెడ్ గాస్కెట్ (ఇంజిన్ పైభాగానికీ బ్లాకుకూ మధ్య ఉండే సీలు) పోయిందని అనుమానం. అది నీ పని కాదు, నా పనీ కాదు.

గొట్టమైతే నువ్వే మార్చుకోవచ్చు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ కింద ప్లగ్ తిప్పి పాత కూలెంట్ బేసిన్‌లోకి దించు. క్లాంప్ పక్కకు జరిపి గొట్టం లాగు, రాకపోతే మాత్రం బలం పెట్టొద్దు సామీ, బ్లేడుతో నిలువుగా చీరెయ్యి. నేను మొదటిసారి తిప్పి తిప్పి లాగితే "టక్" అని రేడియేటర్ ముక్కు ఊడి చేతికొచ్చింది, 25 డాలర్ల పని కాస్తా కొత్త రేడియేటర్ దాకా పోయింది, ఆ రోజు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

పోసేటప్పుడు సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్. అలా కలిపితేనే దాదాపు మైనస్ 37 సెల్సియస్ దాకా గడ్డకట్టదు, చిక్కగా ఉంటే మంచిది కదా అని ఉత్తదే పోశావో మైనస్ 13 దగ్గరే గడ్డకట్టడం మొదలెడుతుంది. కుళాయి నీళ్లు వద్దు, మన బోరు నీళ్లకు గీజర్ కాయిల్ ఏమవుతుందో తెలుసు కదా. నింపాక మూత తీసే ఉంచి, హీటర్ ఫుల్ వేడి మీద పెట్టి ఇంజిన్ ఆన్ చేసి వదిలెయ్యి. బుడగలొస్తూ మట్టం దిగుతుంది, దిగినకొద్దీ పొయ్యి. ముల్లు మామూలు చోటు దాటిపోతే ఇంజిన్ ఆపెయ్యి. హీటర్‌లో వేడిగాలి వచ్చి, బుడగలు ఆగితే గాలి పోయినట్టు. మూత బిగించి, చల్లారాక మళ్లీ చూడు.

---

ఒహాయో నుంచి అక్కను. రెండు ముక్కలు చెప్తా. కూలెంట్ తియ్యగా ఉంటుంది, కుక్కలూ పిల్లులూ నాకితే చచ్చిపోతాయి, చిన్న పిల్లలకైనా అంతే. బేసిన్ అక్కడే వదిలేసి టీ తాగడానికి లోపలికి పోవద్దు. ఇంకోటి, లీజు కాగితాలు చదువు, చాలా అపార్ట్‌మెంట్లలో పార్కింగ్‌లో బండి రిపేర్ చెయ్యనివ్వరు, మా ఆయనకు నోటీసొచ్చింది.

---

రంగు చూసి కొనొద్దు బ్రదర్. ఒక కంపెనీ గులాబీ, ఇంకో కంపెనీ గులాబీ ఒకటే కాకపోవచ్చు. ఓనర్స్ మాన్యువల్‌లో ఏది రాసుంటే అదే. లీకు ఆపే మందు డబ్బాలు కూడా వద్దు, హీటర్‌లో సన్న గొట్టాలు పూడుకుపోతే జనవరిలో కంబళి కప్పుకుని డ్రైవ్ చెయ్యాలి.

---

అన్నా, పై గొట్టమే! రేడియేటర్ వైపు క్లాంప్ కింద వెంట్రుకంత చీలిక, చుట్టూ గులాబీ పొక్కు. రూమ్మేట్ వాళ్ల మామయ్య గ్యారేజ్‌లో శనివారం మార్చేశాను, బ్లేడుతోనే కోశాను. మొత్తం 50 డాలర్లలోపే. రెండు రోజులైంది, అట్ట పొడిగానే ఉంది. నాన్నకు వీడియోలో చూపిస్తే "డిస్టిల్డ్ వాటర్ అంటే నీళ్లే కదరా" అన్నాడు. పాత కూలెంట్ పాల క్యాన్‌లో పట్టి పెట్టాను, ఏం చెయ్యాలి?

---

కాలవలో పొయ్యొద్దు. క్యాన్ మీద పెద్ద అక్షరాలతో రాసిపెట్టు, మీ కౌంటీ వాళ్లు ప్రమాదకర చెత్త తీసుకునే చోటు ఎక్కడో వెబ్‌సైట్‌లో ఉంటుంది. వారం దాకా రోజూ పొద్దున బానెట్ లేపి కూలెంట్ డబ్బాలో మట్టం మిన్, మ్యాక్స్ గీతల మధ్య ఉందో లేదో చూడు. మొదట్లో కాస్త దిగితే భయపడకు, మిగిలిన గాలి బయటికొచ్చినట్టు.