ఒకే సెట్టింగుతో డార్క్ రోస్ట్: పొద్దున మాడుతోంది, రాత్రి చప్పబడుతోంది

కోట ఘాటు (విజయనగరం)

కాఫీ గింజలు వేపే మెషిను 1200 వాట్ల కరెంటు డ్రమ్ము. గింజల్లో మునిగే ప్రోబు (వేడి కొలిచే పుల్ల) ఉంది. గింజ శృంగవరపుకోట మీదుగా దిగొచ్చిన అరకు అరబికా, పార్చిమెంటు రకం (పండు గుజ్జు తీసి, కడిగి ఎండబెట్టింది). 250 గ్రాములు 200 డిగ్రీల దగ్గర పోసి, హీటు నాబ్ చివరిదాకా 80 మీదే ఉంచాను. పాలు పోసుకునే ఫిల్టర్ కాఫీకి డార్క్ కావాలి. కింది టైములు గింజ పోసినప్పటి నుంచి నిమిషాలు:సెకన్లు, బ్రాకెట్లో ప్రోబు డిగ్రీలు.

ఉదయం 6కి: 4:00కి పసుపు రంగు (155), 7:10కి ఫస్ట్ క్రాక్, అంటే గింజ మొదటిసారి చిటపటలాడడం (198), 9:00కి సెకండ్ క్రాక్ (225), 9:30కి దింపుడు. మిగిలిన తూకం 198 గ్రాములు.

రాత్రి 7:30కి: 6:00కి పసుపు (155), 12:20కి ఫస్ట్ (197), 17:10కి సెకండ్ (224), 17:40కి దింపుడు. 204 గ్రాములు.

ఉదయందానికి గింజ మీద పెచ్చులూడి గుంటలు పడ్డాయి, డికాక్షన్ బూడిద చేదు. రాత్రిది రంగు బాగానే ఉంది, తాగితే అట్టముక్క. ఏది సరిచేసుకోవాలి?

సిక్కోలు డికాక్షన్

రెండూ సరిచేసుకోవాలండీ, తప్పులు వేరు. ఉదయం లెక్క చూడండి. పసుపు నుంచి ఫస్ట్ క్రాక్ దాకా 3 నిమిషాల 10 సెకన్లలో 43 డిగ్రీలు, అంటే నిమిషానికి 13.6. అక్కణ్ణుంచి సెకండ్ దాకా 14.7. తగ్గుతూ పోవాల్సిన వేగం పెరిగింది. ఫస్ట్ క్రాక్ దాటాక గింజ తన వేడి తనే పుట్టించుకోవడం మొదలెడుతుంది, దాని కింద మీ 80 అలాగే మండుతోంది. ఆ దెబ్బకి పైపొర చిట్లి పెచ్చులు ఎగిరాయి. గింజని బ్లేడుతో అడ్డంగా కోసి చూడండి: బయట బొగ్గు, మధ్యలో చింతపిక్క రంగు కనిపిస్తే ఇదే జబ్బు. మీ కప్పులో బూడిద పైపొరది.

ఇలా నడపండి. 225 గ్రాములే పోయండి, 190 దగ్గర. 160 దాకా 80. అక్కడ 65కి. 188 రాగానే, అంటే క్రాక్ వినిపించకముందే, 50కి దించి ఫ్యాను ఒక మెట్టు పెంచండి. క్రాక్ విన్నాక తగ్గిస్తే ఆలస్యమే. అలాగని హీటు సున్నా చేయొద్దు. వేగం చతికిలబడి మీ రాత్రి అట్టముక్కే మళ్లీ వస్తుంది. ఫస్ట్ నుంచి సెకండ్‌కి రెండున్నర, మూడు నిమిషాలు పట్టాలి, నిమిషానికి 9 - 11 డిగ్రీలు. నాబ్ అంకెలు మీ మెషినుకి అటూ ఇటూ అవుతాయి గాని ఈ వేగం తప్పకూడదు.

ఫస్ట్ క్రాక్ పేలాలు వేగినట్టు పెద్దగా, విడివిడిగా ఉంటుంది. సెకండ్ పోపులో ఆవాల్లా సన్నగా, గబగబా. ఆవాల చప్పుడు జోరందుకున్న 15 - 20 సెకన్లకి దింపేయండి. దింపాక కూడా లోపలి వేడికి గింజ వేగుతూనే ఉంటుంది కాబట్టి జల్లెడలో పోసి ఫ్యాను కింద 3 నిమిషాల్లోపు చెయ్యి పెట్టేంత చల్లారాలి.

ఫ్యూజు తీగ (బొబ్బిలి)

నాబ్ మార్చకుండా అంత తేడా అంటే కాఫీ సంగతి తర్వాత, ముందు కరెంటు చూడండి. మెషిను నడుస్తుండగా అదే బోర్డులో మల్టీమీటరు పెట్టి రెండు పూటలా వోల్టేజి రాసుకోండి.

కోట ఘాటు

ఉదయం 235, రాత్రి 195.

ఫ్యూజు తీగ

దొరికింది. హీటరు శక్తి వోల్టేజి వర్గాన్ని (స్క్వేరు) బట్టి ఉంటుంది. 230 దగ్గర 1200 వాట్లిచ్చే కాయిలు 235లో 1250 పైన ఇస్తుంది, 195లో 863 దగ్గర ఆగిపోతుంది. మూడో వంతు దాకా వేడి తగ్గిందన్నమాట, ఇంక అదే నాబ్ అంటే ఎలా? టీవీ స్టెబిలైజరు పెట్టకండి, మాడిపోతుంది. 2 కేవీఏ కావాలి. అదీ రిలే రకమైతే టక్కుమని మెట్లు మారుతుంది, ప్రతి మెట్టుకీ వేడి గ్రాఫు గెంతుతుంది. మెట్లు లేకుండా మెల్లగా సరిచేసే సర్వో రకం నయం. ఖర్చెందుకనుకుంటే వోల్టేజి 225 - 235 ఉన్నప్పుడే వేపండి. ఫ్యాను రెగ్యులేటరుతో హీటు అదుపు చేసే ప్రయోగాలు మాత్రం వద్దు.

చికోరి లేదు

తూకం మీద ఒక మాట. ఉదయందానికి 20.8 శాతం, రాత్రిదానికి 18.4 శాతం పోయింది. డార్క్‌కి 17 - 18 చాలని అంటాం గాని, వానాకాలం మన తీరంలో గోనెసంచిలో ఉన్న పచ్చిగింజ చెమ్మ పీలుస్తుంది, ఆ నీరూ ఈ లెక్కలో కలిసిపోతుంది. కాబట్టి ఒకే సంచి, ఒకే వారం బ్యాచులనే పోల్చుకోండి. పండుతోనే ఎండబెట్టిన చెర్రీ రకం తెస్తే ఇంకో 10 డిగ్రీలు తక్కువలో పోయండి. పొట్టు కూడా ఎక్కువ రాలుతుంది.

పొట్టు ట్రే ప్రతి బ్యాచుకీ దులపాలి. సెకండ్ క్రాక్ వేడికి అది అంటుకుంటే ప్లగ్గు పీకి, తలుపు తియ్యకుండా వదిలేయండి. తీస్తే గాలి తగిలి భగ్గుమంటుంది. నీళ్లు అసలు పోయొద్దు.

కోట ఘాటు

232 వోల్టులు, 225 గ్రాములు, 190. పసుపు 4:20, 188 దగ్గర 50కి దించాను. ఫస్ట్ 8:25 (198), సెకండ్ 11:10 (225), 11:30కి దింపుడు. 184 గ్రాములు. పెచ్చుల్లేవు, కోస్తే లోపలా బయటా ఒకటే రంగు. కానీ ఈ పూటే డికాక్షన్ వేస్తే నురుగు పొంగింది, ఘాటు లేదు.

సిక్కోలు డికాక్షన్

18.2 శాతం, వేగం నిమిషానికి 9.8. ప్రొఫైలు (వేడి పెంచే తీరు) కుదిరింది, ఇంక ముట్టుకోకండి. ఆ నురుగు గింజలోంచి ఇంకా బయటికొస్తున్న గ్యాసు, అది నీళ్లని పొడిలోకి దిగనివ్వదు. మూడు రోజులాగి మరపట్టండి. చికోరి కలిపే అలవాటుంటే మాత్రం ఈసారి 10 సెకన్లు ముందే దింపండి, చేదు అది ఎలాగూ తెస్తుంది.