ఇజ్రాయెల్ బృందం హైదరాబాద్ వస్తోంది: భోజనం, శుక్రవారం సాయంత్రం, హనుక్కా ఏర్పాట్లు ఎలా?

కొండాపూర్_కోఆర్డినేటర్ (ప్రశ్న):

మా టెల్ అవీవ్ ఆఫీసు నుంచి ఐదుగురు 2026 నవంబర్ 30న వస్తున్నారు, డిసెంబర్ 10 దాకా ఉంటారు. బస గచ్చిబౌలిలో. ఏర్పాట్లన్నీ నావే. ఒకాయన ఫారంలో కోషర్ అని రాశారు, అంటే యూదుల ఆహార నియమాలు పాటిస్తారన్నమాట. ఒకావిడ వీగన్. ఇంకొకాయన పంది మాంసం, రొయ్యలు తప్ప ఏదైనా పర్వాలేదన్నారు. మిగతా ఇద్దరూ ఏమీ రాయలేదు, వాళ్ళలో ఒకరిది అరబ్ పేరులా ఉంది.

ప్రస్తుతానికి ప్లాన్ ఇదీ: శుక్రవారం 4న రాత్రి 7కి బిర్యానీ డిన్నర్, శనివారం గోల్కొండ, చార్మినార్. సోమవారం 7న కొత్త ఫ్లోర్ ప్రారంభం, జ్యోతి ప్రజ్వలన. కోషర్ ఆయనకి ప్యూర్ వెజ్ హోటల్ సరిపోతుందా? వాళ్ళని మతం గురించి అడగొచ్చా?

---

వంటగది_లెక్కలు:

ముందు బిర్యానీ సంగతి. కచ్చి బిర్యానీలో పచ్చి మాంసాన్ని పెరుగులో నానబెట్టి, అదే గిన్నెలో బియ్యంతో దమ్ పెడతారు. మాంసాన్నీ పాలనీ కలిపి వండకూడదు, తినకూడదు అన్నది కోషర్ నియమాల్లో చాలా గట్టిది. మాంసం తిన్నాక పాలతో చేసినవి ముట్టుకోవడానికి ఆరు గంటలు ఆగేవాళ్ళు చాలామంది. కాబట్టి మాంసం ఎంత పద్ధతిగా తెచ్చినా పెరుగు పడ్డ క్షణమే అది ఆయనకి పనికిరాదు. హలాల్ మాంసం కూడా ఆయనకి చెల్లదు. కోసేది శిక్షణ పొందిన యూదుడై ఉండాలి, కోశాక ఊపిరితిత్తులు పరీక్షించాలి, మాంసాన్ని నానబెట్టి ఉప్పు పట్టించి రక్తం తీయాలి. ఆయన వరకు మాంసం ఆలోచన వదిలేయండి.

ప్యూర్ వెజ్ కొందరికి చాలు, కొందరికి చాలదు. అందుకే "మీరు కోషరా?" అనే ప్రశ్నతో ఆగకండి. "ఇల్లు దాటాక బయట ఏం తింటారు? ఎవరు వండినా తింటారా? గిన్నెల పట్టింపు ఉందా?" అని మెయిల్లో అడగండి. ఇంట్లో అన్నీ పాటిస్తూ విదేశాల్లో శాకాహారంతో సర్దుకునేవాళ్ళు ఉన్నారు, సీలు వేసిన పొట్లం తప్ప ఏదీ ముట్టనివాళ్ళూ ఉన్నారు.

వెజ్ హోటల్లో ఇబ్బంది ఎక్కడంటే, గట్టిగా పాటించేవారికి యూదులు కానివారు వండిన చాలా వంటకాలు నిషిద్ధం. అష్కెనాజీ (యూరప్ మూలాలున్న యూదుల) పద్ధతి వారైతే స్టవ్ ఆయన చేత్తో వెలిగిస్తే చాలంటారు. సెఫార్దీ (స్పెయిన్, మధ్యప్రాచ్య మూలాలున్న యూదుల) పద్ధతిలో గిన్నెని పొయ్యి మీద పెట్టడం కూడా యూదుడే చేయాలి. రెండోది పురుగులు. కాలీఫ్లవర్, పాలకూర, పుదీనా, కొత్తిమీర వాళ్ళు ఆకు ఆకు విప్పి చూసుకుంటారు, హోటల్ వంటగదిలో అంత చూసేవాళ్ళు ఉండరు. మూడోది వైన్, ద్రాక్షరసం: కోషర్ ముద్ర లేనివి వద్దు. ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క శాకాహారమని మాత్రమే చెబుతుంది, కోషర్ అని కాదు.

ఏది పెట్టినా ఇబ్బంది రానివి: కోయని అరటి, జామ, కమలాపళ్ళు, కోషర్ ముద్రతో సీలు ఉన్న బిస్కెట్లు, వాడి పారేసే పళ్ళేలు, ఆయనకే కేటాయించిన ఒక కొత్త కత్తి. ఉల్లి, నిమ్మ లాంటివి కోసిన ఆఫీసు కత్తితో పళ్ళు కోసి పెట్టొద్దు, ఆ ఘాటుతో పాటు కత్తికి పట్టినదీ వస్తుందని వాళ్ళ లెక్క. సీలు పొట్లాలు తెచ్చుకుంటే వేడి చేసేటప్పుడు ఓవెన్లో రెండు పొరల ఫాయిల్ చుట్టి పెట్టమనండి.

చేప అయితే పొలుసు, రెక్కలు రెండూ ఉండాలి. బొచ్చె, రవ్వ, కొరమీను సరే. వాలుగ, జెల్ల, రొయ్య, పీత కుదరవు. తోలు తీసిన ముక్కలు తెస్తే పొలుసు ఉందో లేదో తెలియదు, కాబట్టి తోలుతోనే కొనాలి.

వీగన్ ఆవిడ విషయంలో అసలు గండం నెయ్యి. ఉప్మా, పొంగల్, పప్పు, పొడి దోసె, అన్నిట్లో చెప్పకుండా పడుతుంది. "వెజ్" అనకుండా "నెయ్యి, వెన్న, పాలు, పెరుగు, తేనె ఏదీ వద్దు" అని విడివిడిగా రాసివ్వండి.

---

శనివారం_విరామం:

శుక్రవారం 7 గంటల డిన్నర్ కోషర్ ఆయనకి కుదరదు. శబ్బాత్, అంటే యూదుల వారపు విశ్రాంతి దినం, శుక్రవారం సూర్యాస్తమయానికే మొదలై శనివారం చీకటి పడేదాకా ఉంటుంది, దీపాలు సాధారణంగా అంతకు 18 నిమిషాల ముందే వెలిగిస్తారు. డిసెంబర్ 4న మన దగ్గర సూర్యాస్తమయం 5:40 ప్రాంతంలో ఉంటుంది, అంటే 5:20కల్లా ఆయన పనులన్నీ ముగించుకోవాలి. శుక్రవారం గచ్చిబౌలి ట్రాఫిక్ మీకు తెలిసిందే. 4కి ముందే హోటల్లో దింపేయండి. టీమ్ భోజనాన్ని గురువారం రాత్రికి మార్చడం అన్నిటికన్నా మేలు.

హోటల్ దగ్గర చిక్కంతా కరెంటుతోనే. శబ్బాత్‌లో స్విచ్ వేయరు, లిఫ్ట్ బటన్ నొక్కరు, కార్డుతో తలుపు తీయరు, సంతకం పెట్టరు. మెట్ల దారి దగ్గర్లో, కింది అంతస్తులో గది అడగండి. మామూలు తాళంచెవి ఉంటే సరే, లేకపోతే రెండు పూటలా సిబ్బందే వచ్చి తలుపు తీసేలా రిసెప్షన్‌లో రాయించండి. చాలామంది మర్చిపోయేది గోడకున్న కార్డు పెట్టె: అందులోంచి కార్డు తీస్తే గది కరెంటు మొత్తం పోతుంది. రెండో కార్డు తెప్పించి శుక్రవారం మధ్యాహ్నమే అందులో పెట్టి వదిలేయాలి. బాత్రూమ్‌లో మనిషి కదిలితే వెలిగే లైటు ఉంటే దాన్ని ముందే ఎప్పుడూ వెలిగే పద్ధతికి మార్పించండి, ఫ్రిజ్ లోపలి బల్బు తీయించండి. శనివారం భోజనాల బిల్లు ముందే గదికి రాసేయాలి. బయటికి నడిచి వెళ్ళొచ్చు, కానీ జేబులో ఏమీ పెట్టుకోరు.

మిగతావాళ్ళు శనివారం తిరగడానికి సంతోషంగా రావచ్చు. ఆయన కూడా రావాలంటే గోల్కొండని ఆదివారానికి జరపండి. ఇజ్రాయెల్లో ఆదివారం పనిదినం, టెల్ అవీవ్ ఆఫీసు నుంచి కాల్స్ వస్తాయి. అప్పుడు వాళ్ళ గడియారం మనకన్నా మూడున్నర గంటలు వెనక, అంటే మధ్యాహ్నం 12 దాకా సాధారణంగా ప్రశాంతంగా ఉంటుంది. సాలార్‌జంగ్ మ్యూజియం పెట్టుకుంటే శుక్రవారం అది మూసి ఉంటుందని గుర్తుంచుకోండి.

సోమవారం సంగతి: దేవుడి పటం ముందు జ్యోతి వెలిగించమంటే మతనిష్ఠ ఉన్న యూదులు ఇబ్బంది పడతారు, వేదిక మీద కాదనలేక నలిగిపోతారు. ఆయన చేత రిబ్బన్ కోయించండి. ప్రసాదం, బొట్టు కూడా నేరుగా పెట్టకండి. ఇక పరాయి ఆడవారితో చేయి కలపని మగవారు, పరాయి మగవారితో కలపని ఆడవారు ఉన్నారు. అందరికీ నమస్కారం పెడితే ఆ చిక్కే రాదు.

---

మూసీ_ఒడ్డు_పాఠకుడు:

మతం గురించి అడగొచ్చు, కానీ "మీరు యూదులేనా" అని మొదలుపెట్టొద్దు. ఇజ్రాయెల్లో ఆ ప్రశ్నకి చట్టం ఒక జవాబు చెబుతుంది, రబ్బీలు, అంటే యూదుల మతగురువులు, ఇంకొకటి చెబుతారు. 1950 నాటి 'తిరిగివచ్చే హక్కు' చట్టం, 1970 సవరణ తర్వాత, తాతయ్యల్లో అమ్మమ్మల్లో ఒక్కరు యూదులైనా పౌరసత్వానికి దారి ఇస్తుంది. మతశాస్త్రం ప్రకారం మాత్రం తల్లి యూదురాలై ఉండాలి, లేదా మతం స్వీకరించి ఉండాలి. పాత సోవియట్ దేశాల నుంచి వచ్చిన లక్షల మంది ఈ రెండిటి మధ్యా ఉండిపోయారు. దేశంలో సివిల్ పెళ్ళి లేదు, యూదుల పెళ్ళిళ్ళు రబ్బీల చేతిలో ఉంటాయి, అందుకే చాలా జంటలు సైప్రస్ వెళ్ళి పెళ్ళి చేసుకుని వస్తారు. ఇలాంటివాళ్ళు మీ ఐదుగురిలో ఉండొచ్చు. అడిగి నొప్పించడం దేనికి?

2016లో అమెరికా పరిశోధన సంస్థ ప్యూ ప్రచురించిన సర్వే ప్రకారం అక్కడి యూదుల్లో 49 శాతం తాము హిలోని అన్నారు, 29 శాతం మసోర్తి, 13 శాతం దాతి, 9 శాతం హరేది. హిలోనీలు మతనియమాలు పెద్దగా పట్టించుకోరు, మసోర్తీలు సంప్రదాయాన్ని కొంతవరకు పాటిస్తారు, దాతీలు మతనిష్ఠ ఉన్నవారు, హరేదీలు అత్యంత నిష్ఠాపరులు. పంది, రొయ్య తప్ప పర్వాలేదన్న ఆయన మసోర్తి తరహా కావచ్చు, కానీ ఆయన బిర్యానీలో పెరుగు సంగతి ముందే చెప్పండి, నిర్ణయం ఆయనకే వదలండి. దేశ పౌరుల్లో సుమారు ఐదోవంతు అరబ్బులు: ముస్లింలు, క్రైస్తవులు, ద్రూజ్ అనే వేరే మతం వారు. ఆ పేరున్న వ్యక్తికి హలాల్ కావాలో అక్కర్లేదో ఆ ఒక్క ముక్క అడగండి, "యూదుల పండగ శుభాకాంక్షలు" అనే కేకు ఐదుగురి ముందూ పెట్టకండి.

సైన్యం, యుద్ధం ప్రస్తావన మీరు తేవద్దు. 2023 అక్టోబర్ 7న హమాస్ దాడిలో సుమారు 1,200 మంది చనిపోయారు, 251 మందిని బందీలుగా పట్టుకుపోయారు. ఆ తర్వాత గాజాలో వేల వేల మంది చనిపోయారు. అయిదుగురిలో ఒకరికి రిజర్వు పిలుపు వచ్చి ఉండొచ్చు, ఒకరి చుట్టాలు ఇంకో వైపు ఉండొచ్చు. హరేదీల సైనిక సేవ మీద వాళ్ళలో వాళ్ళకే తీవ్రమైన తగువు నడుస్తోంది, 2024 జూన్‌లో సుప్రీంకోర్టు వాళ్ళనీ సైన్యంలోకి తీసుకోవాలని చెప్పాక మరీ. వాళ్ళే మొదలుపెడితే వినండి.

వాళ్ళు మిమ్మల్ని అడగడానికి అవకాశమున్నది తెలుగు యూదుల గురించి. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అనే చిన్న సమాజం, వాళ్ళ ప్రార్థనామందిరం ఉన్నాయి. మహారాష్ట్రలోని బెనె ఇజ్రాయెల్ అనే యూదులు ఇజ్రాయెల్‌కి వలస వెళ్ళాక కూడా వాళ్ళ యూదత్వాన్ని కొందరు రబ్బీలు శంకించారు, నిరసనల తర్వాతే 1964లో ఆ గొడవ తీరింది. అది తెలిసి మాట్లాడితే వాళ్ళకి చాలా గౌరవంగా అనిపిస్తుంది.

---

కొండాపూర్_కోఆర్డినేటర్:

చాలా థాంక్స్ అండీ. డిన్నర్ గురువారానికి మార్చాను, రిబ్బన్ కూడా ఖాయం. 4వ తేదీనే హనుక్కా (యూదుల దీపాల పండగ) మొదలవుతుందని క్యాలెండర్‌లో చూశాను. ఆఫీసు వైపు నుంచి ఏమైనా చేయొచ్చా?

---

శనివారం_విరామం:

చేయొచ్చు. మతం పెద్దగా పట్టని కుటుంబాలు కూడా ఈ దీపాలు వెలిగిస్తాయి, కాబట్టి ఇది చాలామందికి నచ్చుతుంది. కాకపోతే మొదటి రోజు శుక్రవారం కావడంతో సమయం ఇరుకు. హనుక్కా దీపం శబ్బాత్ దీపాలకన్నా ముందు, అంటే 5:15 ప్రాంతంలో వెలిగించాలి, కానీ చీకటి పడ్డాక మరో అరగంట దాకా నిలవాలి. పెట్టెలో వచ్చే సన్న కొవ్వొత్తులు సుమారు అరగంటలోనే అయిపోతాయి, ఆ రోజుకి పనికిరావు.

మీకు ఇక్కడ మంచి సదుపాయం ఉంది. కార్తీక మాసం కాబట్టి ప్రమిదలు, వత్తులు ఎక్కడైనా దొరుకుతాయి. ఓంకారం, లక్ష్మి బొమ్మ లేని సాదా మట్టి ప్రమిదలు కొత్తవి కొనండి. ఆలివ్ నూనె శ్రేష్ఠం, నువ్వుల నూనె అయినా సరే. మొదటి రాత్రి ఒక దీపం, దాన్ని వెలిగించడానికి పక్కన కొంచెం ఎత్తుగా ఇంకొకటి. రెండో రాత్రి రెండు, అలా ఎనిమిది దాకా. ప్రమిదలన్నీ ఒకే ఎత్తులో, మంటలు కలవకుండా వరసగా ఉండాలి. ఆ వెలుతురులో చదువుకోవడం, పనిచేయడం చేయరు కాబట్టి గదిలో లైటు ఎలాగూ ఉండాలి.

హోటల్ గదుల్లో పొగ అలారం ఉంటుంది, మంట పెట్టనివ్వరు. డైనింగ్ హాల్లో ఒక మూల స్టీలు పళ్ళెం మీద పెట్టుకోవడానికి మేనేజర్ దగ్గర ముందే అనుమతి తీసుకోండి. వెలిగించాక ఆ పళ్ళేన్ని ఎవరూ జరపకూడదు, అందుకని ఏసీ గాలి తగలని చోటు చూడండి. గురువారం ఒక ప్రమిద నిండా నూనె పోసి వెలిగించి, గంటన్నర నిలుస్తుందో లేదో చూసుకోండి. ముందుగా ఆరిపోతే లోతైన ప్రమిద తీసుకోండి. శనివారం మాత్రం నక్షత్రాలు కనపడి శబ్బాత్ ముగిశాకే, 6:30 ప్రాంతంలో, రెండు దీపాలు వెలిగిస్తారు. దానికి అందరినీ పిలవొచ్చు.