45 రోజుల చెల్లింపు నిబంధన: చిన్న యూనిట్లకు అండా, ఆర్డర్లకు గండా?

పద్దుల పుస్తకం:
సూక్ష్మ, చిన్న తరహా యూనిట్ల బిల్లు గడువులోగా కట్టకపోతే, ఆ కొనుగోలును ఆ ఏడాది ఖర్చుగా చూపనివ్వరు. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో 43బి(హెచ్) సెక్షన్‌గా వచ్చింది ఇది, 2023-24 లెక్కల నుంచి అమలైంది. రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజులు, లేకుంటే 15. ఒప్పందంలో 90 అని రాసుకున్నా 45కే చెల్లుతుంది. దీనివల్ల చిన్నవాళ్లకు మేలు జరిగిందా, ఆర్డర్లు పోయాయా?

కొనుగోళ్ల డెస్క్:
ఆర్డర్లు పోయాయనే అంటాను. మధ్య తరహా సంస్థల దగ్గర, ట్రేడర్ల దగ్గర కొంటే ఈ గడువు లేదు. అదే బోల్టు ట్రేడరు 90 రోజుల అరువుకిస్తుంటే చిన్న యూనిట్ దగ్గర ఎవరు కొంటారు? గడువు దాటిన 10 లక్షల బిల్లు మార్చి 31కి మిగిలిపోతే, 25 శాతం శ్లాబులో ఉన్న కంపెనీకి పన్నే రెండున్నర లక్షలు పెరుగుతుంది. సెస్సు అదనం.

పద్దుల పుస్తకం:
ఆ పన్ను పూర్తిగా పోయినట్టు కాదండీ. బిల్లు కట్టిన ఏడాదిలో ఆ ఖర్చు తిరిగి వస్తుంది. ఆలస్యమైనా మార్చి 31లోగా కట్టేస్తే అసలు ఇబ్బందే లేదు. 45 రోజుల ఒప్పందం ఉంటే, మార్చి 1న అందిన సరుకుకు ఏప్రిల్ 15 దాకా టైముంది, 16న కడితే ఖర్చు మరుసటి ఏడాదికి వెళ్తుంది. జీఎస్టీ బకాయిలాగా రిటర్ను గడువులోపు కడితే చాలనుకుని చాలామంది ఇక్కడే దెబ్బతింటున్నారు.

లేత్ షాపు:
ఆర్డరు కావాలంటే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న యూనిట్‌గా ప్రభుత్వం దగ్గర నమోదు) రద్దు చేసుకోమని కొనుగోలుదారు అంటే ఒప్పుకోవద్దు. ఆలస్యానికి ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ అడిగే హక్కు దాంతోనే పోతుంది. ప్రతి బిల్లు మీద ఉద్యమ్ నంబరు వేయండి, డెలివరీ చలానా మీద తేదీతో సంతకం తీసుకోండి. 15 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం రాకపోతే సరుకు అందిన రోజే అంగీకరించినట్టు లెక్క. ‘తనిఖీ పెండింగ్’ అని నోటిమాటగా చెప్పి నెల సాగదీస్తే ఒప్పుకోనక్కర్లేదు.

కొనుగోళ్ల డెస్క్:
హక్కు ఉంది సరే, వడ్డీ అడిగినవాడికి మళ్లీ ఆర్డరు ఎవరిస్తారు?

లేత్ షాపు:
అందుకే ట్రెడ్స్ (చిన్న యూనిట్ల బిల్లుల మీద ముందే డబ్బు ఇప్పించే ఆన్‌లైన్ వేదిక) కావాలంటున్నాను. కొనుగోలుదారు అక్కడ బిల్లు ఒప్పుకుంటే బ్యాంకు కొంత తగ్గించుకుని (డిస్కౌంటు చేసి) యూనిట్‌కు డబ్బు వేస్తుంది, తర్వాత వసూలు చేసుకోవాల్సింది కొనుగోలుదారు దగ్గరే. టర్నోవరు 250 కోట్లు దాటిన కంపెనీలు 2025 మార్చి 31లోగా అందులో చేరాలన్నారు. అప్పుడు చేరడం వరకే తప్పనిసరి చేశారు, బిల్లులు ఎక్కించడం కాదు. బిగించాల్సిన మర అది. ఖర్చు మరుసటి ఏడాదికి వాయిదా పడుతుందని పెద్ద కంపెనీ భయపడేది మార్చి నెలలోనే. మిగతా పదకొండు నెలలూ చిన్న యూనిట్ క్యాష్ క్రెడిట్ (రోజువారీ ఖర్చులకు తీసుకునే బ్యాంకు అప్పు) మీద వడ్డీ కడుతూనే ఉంటుంది.