వెల్డింగ్ నేర్పడానికి వీఆర్ సిమ్యులేటర్ కొందామంటున్నారు, వాడినవాళ్ళు చెప్పండి

ఆరు బూత్‌ల మాస్టారు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. విశాఖ దగ్గర ఒక ప్రైవేట్ ఐటీఐలో పదకొండేళ్ళుగా వెల్డర్ ట్రేడ్ చెప్తున్నాను. ఈ బ్యాచ్‌లో ఇరవై మంది పిల్లలు. షెడ్‌లో ఒక్కొక్కరు నిలబడి వెల్డింగ్ చేసే బూత్‌లు ఎనిమిది ఉన్నాయి, నడిచేవి ఆరే. ఆ రెండూ బాగు చేయించండి మొర్రో అని నేను అడుగుతుంటే, మావాళ్ళు ఎక్కడో ఎగ్జిబిషన్ చూసొచ్చి వీఆర్ (వర్చువల్ రియాలిటీ) సిమ్యులేటర్, అంటే నిప్పూ ఇనుమూ లేకుండా వెల్డింగ్ ప్రాక్టీస్ చేయించే మెషీన్, కొందామంటున్నారు. "రాడ్లు, ప్లేట్ల ఖర్చు సగానికి పడిపోతుంది మాస్టారూ" అని వాళ్ళ లెక్క.

డెమోకి ఇద్దరు పిల్లల్ని తీసుకుని వెళ్ళాను. హెల్మెట్ మనం వాడేదానిలాగే ఉంది, లోపల నల్లద్దం బదులు స్క్రీన్లు. చేతికి హోల్డర్ ఇచ్చారు. అగ్గిపుల్ల గీసినట్టు గీస్తే ఆర్క్ (రాడ్‌కీ ప్లేటుకీ మధ్య లేచే కరెంటు మంట) లేచింది. రాడ్ కాలుతున్న కొద్దీ చేతిలోని పుల్ల కూడా మెల్లగా లోపలికి పోతోంది. అది మాత్రం భలే చేశారు. రన్ (ఒక వరస వెల్డింగ్) అయ్యాక ఆర్క్ లెంగ్త్‌కి, రాడ్ కోణానికి, చెయ్యి నడిచిన వేగానికి విడివిడిగా గ్రాఫులు గీసి మార్కులేసింది. నాకు 71. నాతో వచ్చిన కుర్రాడికి మూడో ప్రయత్నంలో 84. అసలు ప్లేటు మీద వాడి బీడ్ (వెల్డింగ్ గీత) కోడి కెలికినట్టు ఉంటుంది. నా మార్కులు ఇప్పుడు క్లాసంతా తెలుసు, అది వేరే సంగతి.

కొట్టిపారేద్దామా అంటే, ఇంకొకటి జరిగింది. రెండో పిల్ల నిప్పురవ్వ ఎగిరితే చాలు, హోల్డర్ వదిలేసి వెనక్కి దూకుతుంది. చేరి మూడు వారాలైనా ఒక్క రాడ్ పూర్తిగా కాల్చలేదు. అలాంటిది డెమోలో ఇరవై నిమిషాలు హెల్మెట్ తియ్యలేదు. మర్నాడు షెడ్‌లో, చెయ్యి వణుకుతూనే, పది గేజ్ రాడ్ చివరిదాకా వేసింది. బీడ్ పాములా మెలికలు తిరిగింది కానీ మధ్యలో ఆగలేదు.

అందుకే ఎటూ తేల్చుకోలేకపోతున్నా. మెషీన్ మీద నేర్చింది ఇనుము మీదకి ఎంతవరకు వస్తుంది? రాడ్లు సగానికి తగ్గడం అయ్యే పనేనా? వాడినవాళ్ళు చెప్పండి. అమ్మేవాళ్ళు దయచేసి వద్దు, వాళ్ళ మాటలు ఇప్పటికే చాలా విన్నాను.

పాత ఫోర్‌మన్

మాస్టారూ, 34 ఏళ్ళు ఓడల పనిలో ఉండి రిటైరైనవాణ్ణి. పనిలో చేరిన మొదటి వారం, ఒక్క టాకేగా (చిన్న చుక్క వెల్డింగ్) అని అద్దం దించకుండా వేశాను. అలా నాలుగైదు. సాయంత్రందాకా ఏమీ లేదు. రాత్రి ఒంటిగంటకి రెండు కళ్ళలో ఇసుక పోసి రుద్దినట్టు మొదలైంది. మా అమ్మ బంగాళదుంప చక్రాలు కోసి కళ్ళ మీద పెట్టింది. తెల్లారేదాకా గోడకి ఆనుకుని కూర్చున్నాను. ఆ తర్వాత అద్దం దించకుండా రాడ్ ముట్టించింది లేదు. మీ గేమ్‌లో ఈ పాఠం ఎక్కడుంది?

ఇంకొకటి చెవి. కరెంటు సరిపోయిందో లేదో నేను మీటర్ చూసి చెప్పను, విని చెప్తాను. సరైన ఆర్క్ నూనెలో బజ్జీలు వేగినట్టు ఒకే తీరుగా పలుకుతుంది. ఆర్క్ పొడవైతే బుసకొడుతుంది. స్పీకర్‌లో విన్నదీ, పక్కన గ్రైండర్ గోల మధ్య విన్నదీ ఒకటి కావు. ముందు ఆ రెండు బూత్‌లు బాగు చేయించుకోండి.

పుణెలో తెలుగు ఇన్‌స్ట్రక్టర్

అన్నా, ఇక్కడ ఒక కంపెనీ ట్రైనింగ్ సెంటర్‌లో మూడేళ్ళుగా ఆ మెషీన్ మీదే పిల్లల్ని దించుతున్నాను. ఫోర్‌మన్ గారి మాట కాదనను. అయినా మీరు కొనండి. ఖర్చు లెక్క మాత్రం మార్చుకోండి.

ముందు గడియారం చూడండి. మీకు ఇరవై మంది, మెషీన్ ఒకటి. తలా 15 నిమిషాలంటే 5 గంటలు. ఒక్క మెషీన్‌తో రోజు గడిచిపోతుంది. కాబట్టి అది బూత్‌లకి బదులు కాదు. ఆరు బూత్‌ల దగ్గర చోటు లేక మిగిలిన పద్నాలుగు మంది ఖాళీగా నిలబడతారే, వాళ్ళకి పని. పైగా హెల్మెట్‌లో ఉన్నవాడు చూసేది బయట మానిటర్ మీద అందరికీ కనిపిస్తుంది. అసలు బూత్‌లో అది ఎప్పుడైనా కుదిరిందా? మనం పిల్లాడి భుజం మీద నుంచి వంగి చూడాలి, మిగతావాళ్ళు గోడవైపు తిరిగి నిలబడాలి. ఇక్కడ ఒకడు చెయ్యి వేగంగా లాగేస్తే "ఒరేయ్, పరిగెత్తకు" అని పదిమంది అరుస్తారు. మార్కులకన్నా ఆ అరుపులే ఎక్కువ నేర్పాయి మా వాళ్ళకి.

రాడ్ల సంగతి. మాకు మిగిలింది మొదటి మూడు వారాల చెత్త ఒక్కటే. అంటే ప్లేటుకి అతుక్కుపోతే ఊడబీకి, పైన ఉండే ఫ్లక్స్ పూత రాలిపోయి, సగంలో పారేసే రాడ్లు. ఆ తర్వాత వాడకం తగ్గలేదు, తగ్గకూడదు కూడా. కరిగిన లోహం ఏది, దాని మీద తేలే స్లాగ్ మడ్డి ఏది అని కన్ను విడదీయడం అసలు ఆర్క్ కిందే అబ్బుతుంది. మెషీన్‌లో ఆ మడుగు మరీ ముద్దుగా కనిపిస్తుంది.

అమెరికాలో అయోవా స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు 2011 ప్రాంతంలో దీని మీదే పరిశోధన చేశారు. ఒక జట్టుకి మొత్తం శిక్షణ షెడ్‌లో, ఇంకో జట్టుకి సగం వీఆర్‌లో, సగం షెడ్‌లో. సగం సగం జట్టే ఎక్కువ సర్టిఫికెట్లు తెచ్చుకుంది, మెటీరియల్ కూడా తక్కువ వాడింది. ఆ తర్వాత పూర్తిగా వీఆర్‌తోనే నేర్పి చూస్తే తేలిక పొజిషన్లకి సరిపోయింది, కష్టమైన వాటికి చాలలేదు. మా అనుభవమూ అంతే. ఫ్లాట్‌లో (ప్లేటు పడుకోబెట్టి వేసేటప్పుడు) మెషీన్ పిల్లాడు ముందుంటాడు, వర్టికల్ (నిలబెట్టిన ప్లేటు) దగ్గరికి రాగానే ఆ తేడా మాయం.

ఒక జాగ్రత్త. మా దగ్గర 90కి తగ్గకుండా తెచ్చుకునే కుర్రాడు ఒకడుండేవాడు. షెడ్‌లో మొదటిరోజు రన్ వేశాడు, హెల్మెట్ ఎత్తాడు, గ్లౌజ్ తీసి ప్లేటు తిప్పి చూద్దామని పట్టుకున్నాడు. మెషీన్ దగ్గర ఉండేది ప్లాస్టిక్ ముక్క కదా, రన్ అవ్వగానే చేత్తో తిప్పడం అలవాటైపోయింది. రెండు వేళ్ళు బొబ్బలెక్కాయి. తప్పు నాది. అప్పటినుంచి వీఆర్ గదిలో కూడా గ్లౌజ్, పటకారు, చిప్పింగ్ సుత్తి పెట్టాను. ప్లాస్టిక్ ముక్కనైనా పటకారుతోనే పట్టాలి. పిల్లలు నవ్వుతారు, నవ్వనివ్వండి.

మెషీన్ షెడ్‌లో మాత్రం పెట్టకండి. గ్రైండింగ్ దుమ్ముకి హెల్మెట్ లోపలి లెన్సులు మసకబారతాయి. కొందరికి తల తిరుగుతుంది, వాళ్ళకి ఐదేసి నిమిషాలే ఇవ్వండి.

జగిత్యాల టు అబుదాబి

సార్, నేను పైపు వెల్డర్‌ని. ఇక్కడ టెస్టుకి పోతే సిమ్యులేటర్‌లో ఎన్ని మార్కులని ఎవరూ అడగరు. 6జీ పైపు బిగించి ఇస్తారు. 45 డిగ్రీల వాలు, పైపు తిప్పనియ్యరు, మనమే దాని చుట్టూ తిరగాలి. కింది భాగం వేసేటప్పుడు మెడ వంచి, మోకాలి మీద కూర్చుని, చెమట కంట్లోకి కారుతుంటే చెయ్యి ఆగకుండా పోవాలి. తర్వాత ఎక్స్‌రే తీస్తారు. ఊళ్ళో నేర్చుకున్నప్పుడు మా సార్ స్టూలు తీసేసి నేల మీద కూర్చోబెట్టి వేయించేవాడు. అప్పుడు తిట్టుకున్నా. మీ మెషీన్ కొంటే అందులో కూడా కుర్చీ వేయకుండ్రి. ప్లేటు స్టాండ్ కిందికి దించి, వంగి వేయించుండ్రి.

ఆరు బూత్‌ల మాస్టారు

అందరికీ చాలా థాంక్స్. ఫోర్‌మన్ గారూ, బంగాళదుంప వైద్యం మా ఇంట్లోనూ జరిగింది సార్, నాకు రెండుసార్లు. మీ మాట వల్లే ఒక నిర్ణయానికొచ్చాను. మెషీన్ కొనాలంటే ముందు ఆ రెండు బూత్‌లు నడవాలి, ఈ ఏడాది రాడ్ల ఇండెంట్ (కావలసిన సరుకు కాగితం) మీద పోయినేటి అంకెకే సంతకం పడాలి. ఆ కాగితం చేతికొచ్చాకే మెషీన్ మాట. సోమవారం మీటింగ్.

జగిత్యాల తమ్ముడూ, స్టూళ్ళ సంగతి రేపే అమలు చేస్తాను. పిల్లల చేత తిట్లు నాకే.

పుణె తమ్ముడూ, ఒక్కటి చెప్పు. ఆ హెల్మెట్ ఇరవై మంది మార్చి మార్చి పెట్టుకుంటే మా విశాఖ ఉక్కకి లోపలి స్పాంజి నానిపోతుంది. విడి ప్యాడ్‌లు దొరుకుతాయా, లేక మీరు గుడ్డ ఏదైనా కట్టిస్తున్నారా?