హోర్డ్: బటు ఖాన్ దండు, ఓర్క్‌ల పక్షం, ఇంకా ఆ వేవ్‌ల ఆట

స్టెప్పీసవారి: బటు ఖాన్ నెలకొల్పిన మంగోలు రాజ్యం, గోల్డెన్ హోర్డ్ గురించి చదవడం మొదలుపెట్టాను. నెట్‌లో హోర్డ్ అని కొడితే ముందు ఓర్క్‌ల బొమ్మలు, తుపాకీ ఆటల వీడియోలే వస్తున్నాయి. వీటికీ మంగోలులకీ సంబంధం ఏంటి? మంగోలు సైన్యాన్ని సరిగ్గా చూపించే ఆట ఏది? వోల్గా ఒడ్డున దాని రాజధాని సరాయ్ నగరం గురించి ఎవరైనా చదివుంటే అదీ చెప్పండి.

ఎర్రజెండా: ఓర్క్‌ల బొమ్మలు అని తేలిగ్గా తీసేయకండి. వార్‌క్రాఫ్ట్ ఆటల్లో ఓర్క్‌ల పక్షం పేరే హోర్డ్. 2002లో మూడో వార్‌క్రాఫ్ట్ ఆడినవాళ్లకి ఆ పక్షం నాయకుడు థ్రాల్ ఎవరో తెలుసు. హోర్డ్ అంటే విలన్లన్న మాట వింటేనే ఒళ్లు మండుతుంది. 2004లో ఆన్‌లైన్ ఆట వచ్చినప్పుడు షామన్ అనే మంత్రగాడి క్లాసు మాకే, పాలడిన్ అనే పవిత్ర యోధుడి క్లాసు ఎదుటి పక్షం అలయన్స్‌కే. షామన్ పాతే, అదనపు దెబ్బలిచ్చే విండ్‌ఫ్యూరీ టోటెమ్ అతని గ్రూపులో ఉన్న అయిదుగురికే పనిచేసేది కాబట్టి, నలభై మంది కలిసి చేసే రెయిడ్ అనే దాడిలో షామన్‌ని ఏ గ్రూపులో వెయ్యాలన్నదే సగం వ్యూహం. 2007లో రెండు క్లాసులూ రెండు పక్షాలకీ పంచేశారు. ఆ తేడా పోయాక మా పక్షం రుచే పోయింది.

పర్షియన్‌పాఠకుడు: అసలు ప్రశ్న మంగోలుల గురించి. స్టెప్పీ చరిత్ర నా రంగం, మంగోలుల చరిత్ర రాసిన రషీదుద్దీన్ రాతలు పర్షియన్‌లోనే చదివాను కాబట్టి ధైర్యంగా చెబుతున్నా. ఓర్డు అంటే ఖాన్ విడిది. లెక్కలేని మూక అన్న అర్థం యూరప్ వాళ్లు తగిలించింది. వాళ్ల సైన్యంలో పదిమందికి ఒక నాయకుడు, ఆపైన వందకి, వెయ్యికి, పదివేలకి ఒకరు. 1241 ఏప్రిల్ 11న హంగరీలో మోహి దగ్గర ఏం జరిగిందో చూడండి. బటు రాళ్లు విసిరే యంత్రాలతో వంతెన మీద పోరు నడుపుతుంటే, అతని సేనాని సుబుతాయ్ దిగువన షాజో నది దాటి వెనక నుంచి చుట్టేశాడు. హంగరీ సైన్యం పారిపోవడానికి కావాలనే ఒక వైపు సందు వదిలి, దారిలో నరికారు. మూక చేసే పని కాదిది.

కోటగోడ: అంత మొనగాళ్లయితే 1242లో హంగరీ నుంచి ఎందుకు వెనుదిరిగారు?

పర్షియన్‌పాఠకుడు: 1241 డిసెంబరులో మంగోలులందరికీ పెద్ద అయిన ఒగెదేయ్ ఖాన్ పోయాడు. ఇంతకంటే కారణం కావాలా?

కోటగోడ: కావాలి. కొత్త ఖాన్‌ని ఎన్నుకున్నది 1246లో, ఆ సభకి బటు వెళ్లనే లేదు. మరి దేనికోసం పరుగెత్తినట్టు? హంగరీలో ఎస్టర్‌గోమ్ ఊరు పడింది, పైన రాతి కోట పడలేదు. దాని గురించి ఒక్కరూ మాట్లాడరు.

గడ్డిమైదానం: ఇద్దరూ గుర్రాలని మరిచిపోయారు. ఒక్కో రౌతు వెంట మార్చుకోవడానికి నాలుగైదు గుర్రాలు. 1242 వసంతంలో హంగరీ నేల బాగా తడిసి చిత్తడైందని పాత చెట్ల మానులో ఏటేటా ఏర్పడే వలయాలు చూసినవాళ్లు రాశారు. మేత లేని చోట ఆ సైన్యం ఎన్నాళ్లుంటుంది?

పర్షియన్‌పాఠకుడు: చెట్ల వలయాలతో యుద్ధ చరిత్ర రాసే రోజులొచ్చాయి. మూలాలు చదివి రండి, తర్వాత మాట్లాడదాం.

కోటగోడ: మూలాలు మీ ఒక్కరి సొత్తా? మర్యాదగా మాట్లాడండి.

వేవ్50: ఎవరూ హోర్డ్ మోడ్ ఊసెత్తలేదేంటి? 2008లో గేర్స్ ఆఫ్ వార్ 2 అనే తుపాకీ ఆటతోనే ఆ పేరు అందరి నోటా పడింది. అయిదుగురు కలిసి ఆడాలి, శత్రువులు యాభై వేవ్‌లుగా, అంటే అలలుగా వస్తారు, పదికోసారి ముదురుతారు. బూమ్‌షీల్డ్‌లనే పెద్ద డాళ్లు నేలలో పాతి గుమ్మం మూసుకుని నిలబడితేనే చివరిదాకా వెళ్తాం. నలభై దాటాక ఒకడు చెప్పకుండా ఆట వదిలి వెళ్లిపోతే వచ్చే టెన్షన్ మామూలుది కాదు. అలాంటివాళ్లని నేను క్షమించను.

మంగూడాయ్: స్టెప్పీసవారి గారూ, మంగోలు సైన్యాన్ని చూపించే ఆట ఏదన్న మీ రెండో ప్రశ్నకి జవాబు ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2. అందులో మంగోలులకి వేట 40 శాతం ఎక్కువ వేగం, అందుకే మొదట్లోనే దూసుకుపోతారు. మంగూడాయ్ అనే గుర్రపు విలుకాళ్లతో బాణం వేసి వెనక్కి జరిగి మళ్లీ వెయ్యడం చేతికి అలవాటైతే, సుబుతాయ్ ఎలా గెలిచాడో కాస్త అర్థమవుతుంది.

ఎర్రజెండా: అందులో హోర్డ్ అన్న పక్షమే లేదు కదా.

కోటగోడ: గోల్డెన్ హోర్డ్ కూడా ఒక్కటిగా ఎన్నాళ్లుంది? 1380లో కులికోవోలో హోర్డ్ సేనాని మామాయ్ రష్యన్ల చేతిలో ఓడాడు. రెండేళ్లకే హోర్డ్ ఖాన్ తొఖ్తామిష్ మాస్కోని తగలబెట్టాడు. 1395లో మధ్య ఆసియా నుంచి తైమూర్ వచ్చి సరాయ్‌ని నాశనం చేశాడు. అసలు దెబ్బతీసింది సాటి స్టెప్పీ వాళ్లే.

గడ్డిమైదానం: 1480లో రష్యన్లు ఎదురునిలిచిన ఉగ్రా నది దగ్గర హోర్డ్ కథ ముగిసిందని రాసేవాళ్లకి ఇది చూపించాలి. మిగిలిన గ్రేట్ హోర్డ్‌ని 1502లో చెదరగొట్టింది కూడా క్రిమియా ఖానే.

వేవ్50: ఈ రాత్రి ఆటకి ఇద్దరు తక్కువ. చివరిదాకా ఉండేవాళ్లే మెసేజ్ పెట్టండి.