“అటజని కాంచె”: కొరుకుడు పడని పద్యం

ప్రశ్న

అందరికీ నమస్కారం. అల్లసాని పెద్దన కావ్యం మనుచరిత్ర చదవాలని మూడుసార్లు మొదలుపెట్టాను. మూడుసార్లూ ఈ పద్యం దగ్గరే పుస్తకం మూసేశాను.

అటఁజని కాంచె భూమిసురుఁ డంబరచుంబి శిరస్సరజ్ఝరీ
పటల ముహుర్ముహుర్లుఠ దభంగ తరంగ మృదంగ నిస్వన
స్ఫుట నటనానుకూల పరిఫుల్ల కలాప కలాపి జాలమున్
గటక చరత్కరేణు కర కంపిత సాలము శీతశైలమున్

మా నాన్నగారికి ఇది కంఠతా వచ్చు. పేరెత్తితే చాలు, ఆయన మొహం వెలిగిపోతుంది. నేను టీకా తాత్పర్యాలు పక్కన పెట్టుకుని చదివినా ఏమీ అనిపించడం లేదు. ప్రవరుడనే బ్రాహ్మణుడు వెళ్లి హిమాలయాన్ని చూశాడు, అంతే కదా. దానికి ఇంత పెద్ద సమాసం ఎందుకు? పెద్దన మహాకవి అంటే కాదనను. నాకెందుకు రుచించడం లేదన్నదే నా బాధ. లోపం నాదేనా? మొహమాటం లేకుండా చెప్పండి.

జవాబు

మీ లోపం కాదండీ. ఇంటర్‌లో ఈ పద్యాన్ని మార్కుల కోసం బట్టీపట్టిన నాకూ అప్పుడు ఏమీ అనిపించలేదు. అది నోరూరించడానికి చాలా ఏళ్లు పట్టింది. నాకు పనికొచ్చిన దారి చెబుతాను.

ముందు సమాసం జోలికి వెళ్లకండి. ఈ నాలుగు పాదాల్లో అచ్చమైన తెలుగు మాటలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు: అట, చని, కాంచె. వాటికి ‘భూమిసురుడు’, చివరి ‘శీతశైలమున్’ కలపండి. “భూమిసురుడు (బ్రాహ్మణుడు, అంటే ప్రవరుడు) అక్కడికి వెళ్లి శీతశైలాన్ని (మంచుకొండను) చూశాడు.” వాక్యం ఇంతే. క్రియ మొదటి పాదంలోనే వచ్చేసింది, దాని కర్మ పద్యం ఆఖరి మాటగా వచ్చింది. ‘కాంచె’ అనగానే ఏం చూశాడా అని మనం ఎదురుచూస్తాం. కవి కొండ పేరు చెప్పడు. ముందు నీళ్లు, చప్పుడు, నెమళ్లు, ఏనుగులు, చెట్లు. అన్నీ అయ్యాకే కొండ. మొదటిసారి అక్కడ నిలబడ్డ ప్రవరుడి కళ్లకూ అన్నీ ఒక్కసారే వచ్చిపడి ఉంటాయి. సమాసం పొడవు ఆ ఉక్కిరిబిక్కిరి కోసమేనని నా నమ్మకం.

ఇప్పుడు విడదీద్దాం. అంబరచుంబి అంటే ఆకాశాన్ని ముద్దాడేవి, అంటే శిఖరాలు. శిరస్, సరత్, ఝరీ కలిసి ‘శిరస్సరజ్ఝరీ’ అయింది: శిఖరాల మీంచి పారే సెలయేళ్లు. పటలం అంటే గుంపు. ముహుర్ముహుః అంటే మాటిమాటికీ, లుఠత్ అంటే దొర్లుతున్న. ఎడతెగకుండా దొర్లే ఆ అలల హోరే మృదంగధ్వని. దానికి తగ్గట్టు పురి విప్పి ఆడుతున్న నెమళ్ల గుంపులు ఉన్నది ఆ కొండ. కలాపం అంటే పురి, అది ఉన్నది కాబట్టి కలాపి. ఇక నాలుగో పాదం: కటకం అంటే కొండ చరియ. అక్కడ తిరిగే ఏనుగులు తొండాలతో ఊపితే ఊగుతున్న చెట్లు.

చాలామంది దెబ్బతినేది పాదం చివర ఆగడం వల్ల. ‘ఝరీ’ దగ్గర ఆగితే ‘పటల’ అనాథ అయిపోతుంది. ‘నిస్వన’ దగ్గర ఆగినా అంతే. చంపకమాలలో పాదం ముగిసినంత మాత్రాన మాట ముగియాలని లేదు. ఊపిరి బిగబట్టి ‘జాలమున్’ దాకా ఒకే పరుగున చదివి, అక్కడ ఒక్క క్షణం ఆగండి. పైకి చదవండి, లోలోపల కాదు. ‘అభంగ తరంగ మృదంగ’ అన్నప్పుడు ఆ మూడు ‘అంగ’లూ వరసగా మీ నోట్లోనే మోగుతాయి. మృదంగం పేరు చెప్పేలోపే దాని దరువు మొదలైపోయింది!

పెద్దన చెప్పినట్టుగా ప్రసిద్ధమైన ‘నిరుపహతి స్థలంబు’ చాటువు తెలుసు కదా. కావ్యం రాయడానికి తనకు కావలసినవన్నీ అందులో ఏకరువు పెడతాడు. వాటిలో ‘ఊహ తెలియంగల లేఖక పాఠకోత్తముల్’ కూడా ఉన్నారు. రాసుకునేవాడూ, చదివి వినిపించేవాడూ. అంటే ఈ పద్యాలకు చెవి కూడా కావాలి. మనం ఒంటరిగా, మౌనంగా, టీక చూస్తూ చదివి, ఆనందం రాలేదని బాధపడుతున్నాం. మీ ఇంట్లో పాఠకోత్తముడు ఉన్నారు. నాన్నగారిని ఒకసారి చదవమనండి.

ఇంకొక మాట. మనుచరిత్ర ఆరు ఆశ్వాసాలూ నాకూ రుచించలేదు. కథలో తర్వాత వచ్చే స్వరోచి వేట దగ్గర నేటికీ పేజీలు తిప్పేస్తాను. పెద్దన అంటే ప్రాణం పెట్టే నేనే అలా చేస్తున్నాను కాబట్టి, మీరు నచ్చినంత చదివి మిగతాది వదిలేసినా తప్పేమీ లేదు.

మరొకరి చేర్పు

పై వివరణ బాగుందండీ. ఆఖరి మాట గురించి నాకు తోచింది కలుపుతాను. కొండకు ఎన్ని పేర్లున్నా ఇక్కడ పడింది ‘శీతశైలము’. ప్రవరుణ్ణి అంత దూరం ఎగిరి వచ్చేలా చేసినది ఒక సిద్ధుడు అతని కాళ్లకు పూసిన పసరు; అది ఆ మంచుకే కరిగిపోయి ప్రవరుడు ఇంటికి పోలేక చిక్కుకుంటాడు. అతన్ని కట్టిపడేయబోయే చలి ఈ పద్యం చివర్లోనే ఉంది. మొదటిసారి చదివినప్పుడు ఇది తట్టదు. కథ తెలిశాక వెనక్కి వస్తే గుండె ఝల్లుమంటుంది.

ఈ పద్యం బరువనిపిస్తే, దీన్ని దాటి ‘ఎవ్వతె వీవు భీతహరిణేక్షణ’ దగ్గర మొదలుపెట్టండి. ప్రవరుడు ‘తెరువెద్ది’ అని దారి అడుగుతాడు. అక్కడ కనిపించిన అప్సరస వరూధిని ‘ఇంతలు కన్నులుండఁ దెరువెవ్వరి వేఁడెదు’ అంటుంది. ఇంతేసి కళ్లు పెట్టుకుని దారి ఎవరినో అడుగుతావేం అని. టీక అక్కర్లేదు. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకుంటున్నట్టే ఉంటుంది. ఆ సమాసాలు కట్టినదీ ఈ తెలుగు రాసినదీ ఒకే చెయ్యి.

అడిగినవారు

ఇద్దరికీ నమస్కారాలు. రాత్రి నాన్నగారిని చదవమన్నాను. ఆయన నిజంగానే ‘ఝరీ’ దగ్గర ఆగలేదు, ‘జాలమున్’ దాకా వెళ్లిపోయారు. రెండోసారి నేనూ గొంతు కలిపాను. అర్థం గురించి ఆలోచించలేదు, నీళ్ల చప్పుడు మాత్రం వినబడింది. తర్వాత వరూధిని పద్యం దాకా వెళ్లి అక్కడ ఆగాం.

ఒక చిన్న సందేహం. మా వైపు ‘బతుకుతెరువు’లో తప్ప ‘తెరువు’ అనే మాట వినబడదు. మీ ఊళ్లలో ఎవరైనా ఇప్పటికీ దారిని తెరువు అంటారా?