ఎర్రాకు మొక్కలు ఆహారం తయారు చేసుకోవా?

ఎంవీపీ బాల్కనీ:
మా బాల్కనీలో ఎర్ర క్రోటన్లు, కోలియస్, తెల్ల చారల మనీప్లాంట్ ఉన్నాయి. పచ్చగా లేని మొక్కలు ఆహారం చేసుకోలేవని, ఆక్సిజన్ ఇవ్వవని, అన్నీ తీసేసి తులసి పెట్టమని మా ఆడపడుచు అంటోంది. నాకు మనసొప్పడం లేదు. ఆమె మాట నిజమేనా?

పెందుర్తి పెరడు:
కాదండీ. ఎర్ర తోటకూర ఉడకబెట్టి చూడండి. నీళ్ళు ఎర్రగా దిగుతాయి, ఆకు పచ్చగా మిగులుతుంది. ఆ పచ్చ ముందునుంచీ ఉన్నదే, ఎరుపు కప్పేసింది. నన్నడిగితే ఎర్రాకే మేలు. పత్రహరితం సరిగా వాడుకోలేని ఆకుపచ్చ కాంతిని ఆ ఎరుపు పట్టి ఇస్తుంది.

బోటనీ టీచర్:
పెరడు గారూ, మొదటి మాట ఒప్పుకుంటాను, రెండోది ఒప్పుకోను. కోలియస్‌లో ఎరుపు ఆంథోసయనిన్, తోటకూరలో బీటాసయనిన్. రెండూ కణంలోని రిక్తికలో, అంటే నీటి సంచి లాంటి గదిలో, నీళ్ళలో కరిగి ఉంటాయి. పత్రహరితం ఉండేది హరితరేణువుల్లో. గదులే వేరు. అందుకే ఎరుపు పట్టిన కాంతి పత్రహరితానికి చేరదు, వేడిగా పోతుంది. అది కిటికీకి కట్టిన తెర లాంటిది. పసుపు కెరోటినాయిడ్ల సంగతి వేరు. అవి పత్రహరితం పక్కనే ఉండి, నీలి కాంతిని కొంత పట్టి దానికి అందిస్తాయి.

జోడుగుళ్ళపాలెం:
మేడం, మరి ఎర్రనాచు? విశాఖ సముద్రతీరంలో తెన్నేటి పార్కు కింద ఆటు సమయంలో రాళ్ళ మీద చూస్తూ పెరిగాను. అదీ తెరేనా?

బోటనీ టీచర్:
కాదు, అదే దాని అందం! దానిలో ఉన్నది ఫైకోఎరిత్రిన్ అనే ఎర్ర రంగు, హరితరేణువు లోపలి పొరలకే అతుక్కుని ఉంటుంది. నీళ్ళలో ఎరుపు కాంతి లోతుకు దిగదు, నీలం, ఆకుపచ్చ దిగుతాయి. ఆ ఆకుపచ్చను పట్టి పత్రహరితానికి అందించే పని దీనిదే. పెరడు గారి మాట నాచుకు సరిగ్గా సరిపోతుంది, తోటకూరకు కాదు.

పెందుర్తి పెరడు:
సరే, వెనక్కి తీసుకుంటున్నాను. కానీ తెర వల్ల నష్టమే అయితే మామిడి చిగురు ఎర్రగా ఎందుకొస్తుంది?

బోటనీ టీచర్:
లేత ఆకులో పత్రహరితం ఇంకా కుదురుకోదు. ఆ దశలో ఎండ ఎక్కువైతే లోపలి నిర్మాణమే దెబ్బతింటుంది. ఆ ఎరుపు గొడుగని నా నమ్మకం. పురుగులకు హెచ్చరిక అనేవాళ్ళూ ఉన్నారు, శాస్త్రవేత్తల్లో ఆ వాదన తెగలేదు.

పెందుర్తి పెరడు:
గొడుగే అయితే మా చెట్టు లోపలి నీడ కొమ్మలకూ ఎర్ర చిగురే వస్తోందేం? నేను పురుగుల వైపే ఉంటాను.

బోటనీ టీచర్:
ఉండండి, చర్చ బాగుంది. బాల్కనీ గారూ, క్రోటన్లు తీయకండి. మనీప్లాంట్‌లో మాత్రం తెల్ల భాగానికి పత్రహరితం లేదు. పచ్చ భాగం సంపాదన తిని బతుకుతుంది.

ఎంవీపీ బాల్కనీ:
అయ్యో! రెండు నెలల కిందట పూర్తిగా తెల్లబడ్డ కొమ్మనే కోసి నీళ్ళ సీసాలో పెట్టాను. అందంగా ఉందని. వేరు రాకుండానే కుళ్ళింది. ఈసారి పచ్చ ఉన్న కణుపు దగ్గర కోస్తాను.